పాచిని చంపడమా, పస్తులుంచడమా?

మీ ఇంటి వెనుక ఒక నీటి గుంట ఉందనుకోండి. తాతగారి కాలంలో తవ్వించింది. ఒకప్పుడు అందులో బొచ్చె, శీలావతి చేపలు పెంచేవారు. సెలవులకు వచ్చిన పిల్లలు గట్టు మీద గాలం వేసుకుని కూర్చునేవారు. ఆ తరువాత దాన్ని పట్టించుకున్నవారు లేరు. ఇప్పుడు నీరు చిక్కగా, పచ్చగా ఉంది. గట్టు వెంట జుట్టులాంటి నాచు, ఎండెక్కేసరికి పైకి తేలే పాచి తెట్టె. వేసవిలో ఒక్కొక్క తెల్లవారుజామున చేపలు నీటి పైకి వచ్చి, నోళ్ళు తెరిచి గాలి కోసం తన్నుకులాడతాయి.

ఏం చెయ్యాలి అని అడిగితే, ఊళ్ళో వెంటనే దొరికే సలహా ఒకటుంది: "కాస్త మైలుతుత్తం వేసి చూడండి."

ఆ సలహా పాటించినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. ఇంటర్మీడియట్ చదివే రోజుల్లో మా అమ్మమ్మగారి పెరటి గుంటలో ఒక సాయంత్రం గుప్పెళ్ళతో మైలుతుత్తం చల్లాను. లెక్కా లేదు, కొలతా లేదు. రెండు మూడు రోజుల్లో నాచు పాలిపోయి చచ్చింది. ఆ మరునాడు చేపలూ తేలాయి. వానలు పడిన నెలకల్లా నీరు మళ్ళీ పచ్చబడింది. ఈ పొరపాటును నాకంటే ముందు పెద్ద పెద్ద నగరాలే చేశాయనీ, దాన్ని దిద్దుకోవడానికి శాస్త్రజ్ఞులకు చాలా దశాబ్దాలు పట్టిందనీ తరువాత చదివితే గాని తెలియలేదు. ఆ కథ మీకూ పనికివస్తుంది.

పాచి శత్రువా?

మనం పాచి, నాచు అని పిలిచేవన్నీ ఒకే రకం జీవులు కావు. వేరు, కాండం, ఆకు అనే విభజన లేకుండా, సూర్యకాంతితో తమ ఆహారం తామే తయారుచేసుకునే చిన్న జీవులను శైవలాలు అంటారు. కొన్ని ఒంటరి కణాలుగా నీటిలో తేలుతూ నీటినే పచ్చగా చేస్తాయి. స్పైరోగైరా వంటివి దారపు పోగుల్లా అల్లుకుంటాయి. ఇక మైక్రోసిస్టిస్ వంటి నీలి ఆకుపచ్చ శైవలాలు నిజానికి శైవలాలే కావు, బాక్టీరియా జాతికి చెందినవి. పచ్చటి రంగు ఒలకబోసినట్లు తెట్టె కట్టేవి తరచుగా ఇవే.

కొద్దిపాటి శైవలాలు లేకపోతే చెరువులో చేప ఉండదు. వాటిని సూక్ష్మ జంతువులు తింటాయి, ఆ జంతువులను చేపలు తింటాయి. అందుకే చేపల రైతులు కావాలనే చెరువులో పేడ వేసి నీటికి లేత పచ్చరంగు తెప్పిస్తారు. చిక్కు వచ్చేది అవి మితిమీరినప్పుడు. పగలు శైవలాలు కిరణజన్య సంయోగక్రియతో నీటిలోకి ఆక్సిజన్ వదులుతాయి. రాత్రి వెలుగు ఉండదు కనుక అవి కూడా మనలాగే ఆక్సిజన్ పీల్చుకోవడమే. పాచి ఎంత ఎక్కువైతే తెల్లవారేసరికి నీటిలో ఆక్సిజన్ అంత తగ్గిపోతుంది. చేపలు తెల్లవారుజామునే తేలడానికి కారణం ఇది.

రాగి చేసిన వాగ్దానం

స్విట్జర్లాండ్ వృక్షశాస్త్రజ్ఞుడు కార్ల్ నేగెలీ ఒక వింత గమనించాడు. రాగి నాణేలు వేసి ఉంచిన నీటిలో స్పైరోగైరా పోగులు చచ్చిపోతున్నాయి. కరిగిన రాగి తూచడానికి కూడా అందనంత తక్కువ. ఆయన మరణించిన తరువాత, 1893లో ఈ పరిశీలనలు అచ్చయ్యాయి. అప్పటికే ఫ్రాన్సులో మైలుతుత్తం, సున్నం కలిపిన బోర్డో మిశ్రమం ద్రాక్ష తోటలను బూజు తెగులు నుంచి కాపాడుతున్నది. అంటే రాగి మీద నమ్మకం కుదిరిన కాలమది.

అమెరికాలో ఆ రోజుల్లో నగరాల తాగునీటి జలాశయాలకు పాచి పెద్ద తలనొప్పి. నీరు చేపల కంపు కొట్టేది. ఆ దేశపు వ్యవసాయ శాఖలో పనిచేసే జార్జ్ మూర్, కార్ల్ కెల్లర్‌మన్ 1904లో ఒక నివేదిక ప్రచురించారు. పది లక్షల పాళ్ళ నీటికి ఒక పాలు, కొన్ని జాతులకు అంతకన్నా తక్కువ మైలుతుత్తం చాలు, పాచి చస్తుందన్నారు. పద్ధతి చాలా సులభం. గోనెసంచిలో మైలుతుత్తం నింపి, పడవకు కట్టి, జలాశయమంతా తిప్పితే సరి. చవక, త్వరగా ఫలితం కనబడుతుంది. ఆ పద్ధతి అనేక నగరాలకు పాకింది.

మరి పాచి మళ్ళీ ఎందుకు వస్తున్నది? ఈ ప్రశ్నను చాలాకాలం ఎవరూ గట్టిగా అడగలేదు. మళ్ళీ వస్తే మళ్ళీ వేసేవారు. అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో ఫెయిర్‌మాంట్ సరస్సులకు ఇలా 58 ఏళ్ళపాటు మైలుతుత్తం వేశారు. ఇద్దరు పరిశోధకులు ఆ చరిత్రనంతా తవ్వి 1984లో ప్రచురించారు. ప్రతిసారీ పాచి కొద్ది రోజులే తగ్గింది. చచ్చిన పాచి కుళ్ళుతూ ఆక్సిజన్‌ను లాగేసింది. రాగి అడుగు బురదలో పేరుకుంది. ఆకుపచ్చ శైవలాల స్థానంలో నీలి ఆకుపచ్చ రకాలు వచ్చాయి, కొన్ని జాతులు రాగికి అలవాటుపడిపోయాయి. నీటిమొక్కలు మాయమయ్యాయి. మంచి చేపలు పోయి నాసిరకం చేపలు మిగిలాయి.

ఇంతకన్నా ఘోరం ఆస్ట్రేలియాలో జరిగింది. క్వీన్స్‌లాండ్ తీరంలోని పామ్ ద్వీపం జనాభాలో ఎక్కువమంది ఆ దేశపు ఆదివాసులు. 1979లో అక్కడి తాగునీటి జలాశయంలో పాచి పెరిగింది. నీటి రుచి, వాసన బాగాలేవని జనం ఫిర్యాదు చేస్తే మైలుతుత్తం వేశారు. కొద్ది రోజుల్లోనే 148 మంది, వాళ్ళలో అత్యధికులు పిల్లలు, వాంతులతో, కాలేయం వాపుతో ఆసుపత్రి పాలయ్యారు. తరువాతి పరిశోధనలు ఒక నీలి ఆకుపచ్చ శైవలం వైపు వేలు చూపాయి. దాని కణాలలో విషం ఉంది. అది కణంలో ఉన్నంతసేపూ చాలావరకు అందులోనే ఉండేది. రాగి ఆ కణాలను పగలగొట్టి విషాన్ని నీటిలో కలిపింది. ఇలాంటి నీరు పశువులకూ ప్రమాదమే. దక్షిణ ఆస్ట్రేలియాలో ఒక సరస్సు మీది పచ్చటి తెట్టె తాగి పశువులు చచ్చిపోవడాన్ని జార్జ్ ఫ్రాన్సిస్ 1878లోనే 'నేచర్' పత్రికలో వర్ణించాడు.

తిండిని బట్టి చెరువు

పాచిని ఎలా చంపాలి అన్న ప్రశ్న పక్కన మరో ప్రశ్న నెమ్మదిగా మొలకెత్తింది: అది ఏం తిని పెరుగుతున్నది? స్వీడన్ శాస్త్రజ్ఞుడు ఐనార్ నౌమన్ 1919 ప్రాంతంలో సరస్సులను వాటిలోని పోషకాలను బట్టి వర్గీకరించాడు. పోషకాలు తక్కువగా ఉన్నవి తేటగా ఉంటాయి. పోషకాలు దండిగా ఉన్నవి పచ్చబడతాయి. పోషకాలు అతిగా చేరి నీరు చెడిపోవడాన్ని ఇప్పుడు యూట్రోఫికేషన్ అంటున్నారు.

ఏ పోషకం ముఖ్యం? పంటల విషయంలో 19వ శతాబ్దంలోనే జర్మన్ శాస్త్రజ్ఞులు స్ప్రెంగెల్, లీబిగ్ ఒక సూత్రం చెప్పారు. అవసరమైన వాటిలో ఏది అన్నిటికన్నా తక్కువగా ఉందో, దాన్ని బట్టే పెరుగుదల ఉంటుంది. బియ్యం, పప్పు ఎంత ఉన్నా ఉప్పు నిండుకుంటే వంట ఆగినట్లన్నమాట. మంచినీటిలో చాలాసార్లు ఆ ఉప్పులాంటిది భాస్వరం. స్థూలంగా 500 కిలోల పచ్చి పాచి తయారుకావడానికి 40 కిలోల కర్బనం, 7 కిలోల నత్రజని కావాలి. భాస్వరం మాత్రం ఒక్క కిలో చాలు.

ఈ లెక్కను మీ పెరటికి వర్తింపజేసి చూడండి. 50 కిలోల డీఏపీ ఎరువు బస్తాలో సుమారు 10 కిలోల భాస్వరం ఉంటుంది. వాన నీటితో అందులో అర కిలో ఎరువు కొట్టుకువచ్చి గుంటలో పడిందంటే, అది 100 గ్రాముల భాస్వరం. మిగతావన్నీ అనుకూలిస్తే 50 కిలోల పాచికి సరిపడే తిండి. పేడ, కుడితి, బట్టల సబ్బు నీరు, తిని మిగిలిన చేపల మేత, రాలిన ఆకులు ఇదే పని చేస్తాయి.

ఓటు వేసి బాగుచేసుకున్న సరస్సు

ఈ అవగాహనకు మొదటి పెద్ద పరీక్ష అమెరికాలోని సియాటిల్ నగరం పక్కన ఉన్న వాషింగ్టన్ సరస్సు. దాని చుట్టూ వెలసిన మురుగు శుద్ధి కేంద్రాలు, శుద్ధి చేసిన నీటిని అందులోకే వదిలేవి. మురికి పోయినా భాస్వరం పోయేది కాదు. 1955లో అక్కడి విశ్వవిద్యాలయానికి చెందిన ఎడ్మండ్‌సన్ బృందానికి ఆ నీటిలో ఆసిల్లటోరియా రుబెసెన్స్ అనే నీలి ఆకుపచ్చ శైవలం కనిపించింది. స్విట్జర్లాండ్‌లోని జ్యూరిచ్ సరస్సు పాడైనప్పుడు కూడా ఇదే కనిపించిందని ఆయనకు తెలుసు. ఇలాగే సాగితే ఈ సరస్సుకూ అదే గతి పడుతుందని చెప్పాడు.

1958లో ఆ ప్రాంత ప్రజల ముందు ఈ విషయం ఓటింగుకు వచ్చింది. మొదటిసారి వీగిపోయింది. అదే ఏడాది రెండోసారి నెగ్గింది. 1963 నుంచి 1968 వరకు దశలవారీగా మురుగునీటిని సరస్సు నుంచి మళ్ళించారు. అప్పటికి నీటిలోకి దించిన తెల్లటి పళ్ళెం ఒక మీటరు లోతులోనే కనుమరుగయ్యేది. 1971 నాటికి మూడు మీటర్ల లోతున కూడా కనబడింది. సరస్సులో ఏ మందూ వేయలేదు. తిండి ఆపారు, అంతే.

మధ్యలో ఒక తెర

అయినా అందరూ ఒప్పుకోలేదు. అప్పట్లో బట్టల సబ్బు పొడులలో ఫాస్ఫేట్లు విపరీతంగా వాడేవారు. పాచికి కారణం భాస్వరం కాదు, కర్బనం అని కొందరు వాదించారు. అది తేలాలంటే సీసాల్లో ప్రయోగాలు చాలవు, సరస్సే కావాలి. కెనడాలోని ఒంటారియో రాష్ట్రపు అడవుల్లో 1968లో కొన్ని చిన్న సరస్సులను ఇలాంటి పరిశోధనలకే కేటాయించారు. డేవిడ్ షిండ్లర్ బృందం 1973లో 226వ నంబరు సరస్సును ఎన్నుకుంది. అది ఎనిమిది అంకెలా మధ్యలో సన్నగా ఉంటుంది. ఆ సన్నటి చోట అడ్డంగా ఒక ప్లాస్టిక్ తెర కట్టారు. ఒక వైపు కర్బనం, నత్రజని వేశారు. రెండో వైపు ఆ రెంటితోపాటు భాస్వరం కూడా వేశారు.

భాస్వరం వేసిన సగం పచ్చగా మారిపోయింది. రెండో సగం నల్లటి తేట నీరుగానే మిగిలింది. విమానం నుంచి తీసిన ఆ ఫోటో 1974లో 'సైన్స్' పత్రికలో వచ్చిన వ్యాసంతో ప్రపంచమంతా తిరిగింది. అంతకుముందే పక్కనున్న 227వ సరస్సులో, కర్బనం వేయకపోయినా పాచి గాలిలోని కార్బన్ డయాక్సైడుతోనే పెరగగలదని తేలింది. నత్రజని సంగతి కొంచెం చిక్కు. కొన్ని నీలి ఆకుపచ్చ శైవలాలు దాన్ని గాలి నుంచే తీసుకోగలవు. కొన్ని చోట్ల, ముఖ్యంగా వెచ్చటి దేశాల చెరువుల్లో, నత్రజనిని కూడా తగ్గించాలని వాదించే శాస్త్రజ్ఞులున్నారు. కానీ గాలి నుంచి రానిది, మనం అడ్డుకోగలిగినది భాస్వరమే.

బురద మరచిపోదు

ఇక్కడ మీకు ఒక సందేహం రావాలి. బయటి నుంచి తిండి రావడం ఆపినా కొన్ని చెరువులు ఏళ్ళ తరబడి పచ్చగానే ఉంటాయి. ఎందుకని? ఇంగ్లండులో సరస్సుల బురదపై పరిశోధించిన క్లిఫర్డ్ మార్టిమర్ 1941, 1942 సంవత్సరాల్లో దీనికి జవాబిచ్చాడు. ఆక్సిజన్ ఉన్నప్పుడు బురదలోని ఇనుము భాస్వరాన్ని పట్టి ఉంచుతుంది. అడుగున ఆక్సిజన్ అయిపోతే ఆ ఇనుము కరిగిపోయి, పట్టు విడుస్తుంది. భాస్వరం తిరిగి నీటిలోకి వస్తుంది. మా అమ్మమ్మగారి గుంటలో జరిగింది ఇదే అయివుండాలి. చచ్చిన పాచి అడుగుకు చేరి కుళ్ళింది, ఆక్సిజన్ పోయింది, పాత తిండి కొత్త పాచికి అందింది.

స్వీడన్‌లోని ట్రుమెన్ సరస్సులోకి మురుగు రావడం 1958లోనే ఆగింది. కాని నీరు బాగుపడలేదు. చివరకు స్వెన్ బ్యోర్క్ మార్గదర్శకత్వంలో 1970, 1971లలో అడుగు నుంచి సుమారు ఒక మీటరు మందాన బురద తోడేశారు. అప్పుడుగాని సరస్సు కోలుకోలేదు. తోడిన బురద ఎండి మంచి మట్టిగా పనికివచ్చింది.

ఈ సంగతి చదువుతుంటే మీకు మన ఊరి చెరువు గుర్తుకు రావడం లేదూ? వేసవిలో చెరువు ఎండినప్పుడు పూడిక మట్టిని బండ్లకెత్తి పొలాలకు తోలుకోవడం మన రైతులకు తరతరాల అలవాటు. చెరువుకు లోతు దక్కేది, పొలానికి సత్తువ దక్కేది. భాస్వరం అన్న పేరు తెలియకపోయినా, నీటిలో ఉండకూడని దాన్ని నేల మీదికి చేర్చే పని సాగేది. ఎరువు బస్తాలు వచ్చాక చాలా ఊళ్ళలో ఆ బండ్లు తగ్గాయి. పూడిక మిగిలిపోయింది.

ఎవరు ఎవరిని తింటారు?

తిండి ఒక సగం. పాచిని తినేవాళ్ళు రెండో సగం. 1961లో చెకోస్లవేకియా శాస్త్రజ్ఞుడు యారోస్లావ్ హ్రబాచెక్, చేపలు ఎక్కువగా ఉన్న నీటి మడుగులను, తక్కువగా ఉన్నవాటిని పోల్చి చూశాడు. చేపలు ఎక్కువైన చోట డాఫ్నియా వంటి పెద్ద జంతు ప్లవకాలు మాయమయ్యాయి, పాచి పెరిగింది. డాఫ్నియాను నీటి ఈగ అంటారు. ఆవగింజంత ఉండే ఈ జీవి నీటిని వడగట్టి పాచిని తింటుంది. చేపలకు అదంటే ప్రీతి. ఈ గొలుసును మనకు అనుకూలంగా మలచుకోవచ్చని 1975లో అమెరికాలో జోసెఫ్ షపీరో ప్రతిపాదించాడు. మరుసటి ఏడాది వాషింగ్టన్ సరస్సులో డాఫ్నియా పెద్ద సంఖ్యలో కనిపించింది. నీరు అంతకుముందెన్నడూ లేనంత తేట పడింది.

మన పెరటి గుంటకు ఇందులో హెచ్చరిక ఉంది. బొచ్చె చేపకు జంతు ప్లవకాలే ముఖ్య ఆహారం. చిన్న గుంటలో వాటిని కిక్కిరిసేలా వదిలితే పాచిని తినేవాళ్ళు మిగలరు. 1959లో జపాన్ నుంచి కటక్‌కు తెచ్చిన సిల్వర్ కార్ప్ పాచిని తింటుంది కదా అనవచ్చు. తింటుంది. కాని మరీ చిన్న కణాలు దాని మొప్పల జల్లెడలో ఆగవు. జంతు ప్లవకాలను కూడా అది మింగుతుంది. దాని విసర్జన తిరిగి ఎరువే అవుతుంది. కనుక చేపను వదిలి చేతులు దులుపుకోవడం కుదరదు.

ఒకే నగరంలో రెండు నీళ్ళు

మన దేశంలో ఈ చదువు కొత్తది కాదు. మద్రాసులో నీటి మీద పరిశోధనలు చేసిన ఎస్.వి. గణపతి, మైక్రోసిస్టిస్ పాచి ఎప్పుడూ వదలని ఒక దేవాలయ కోనేరును గురించి 1940లో ప్రచురించారు. మరుసటి ఏడాది మద్రాసు నగరంలోనే నీటిమొక్కలు దండిగా ఉన్న ఒక తోట కుంటను వర్ణించారు. 1964లో ఎ.ఆర్. జాఫర్ హైదరాబాదు చేపల చెరువులలోని శైవలాలపై వ్యాసం ప్రచురించారు. మన ఎండలకు, మన చెరువులకు సంబంధించిన తొలి లెక్కలు ఇలాంటివారు కట్టినవే.

గణపతి ఎంచుకున్న ఆ జంటను ఇప్పుడు చూస్తే మరొక అర్థం స్ఫురిస్తుంది. లోతు తక్కువ నీటికి రెండు నిలకడ స్థితులు ఉంటాయని 1993లో నెదర్లాండ్స్ శాస్త్రజ్ఞుడు మార్టెన్ షెఫర్, సహచరులు వివరించారు. మొక్కలతో తేటగా ఉండటం ఒకటి, పాచితో పచ్చగా ఉండటం రెండోది. మొక్కలు బురదను కదలనివ్వవు, పోషకాలను పీల్చుకుంటాయి, నీటి ఈగలకు దాగే చోటిస్తాయి. పాచి అయితే వెలుగును అడ్డుకుని మొక్కలను మొలవనివ్వదు. ఏ స్థితి అయినా తనను తాను నిలబెట్టుకుంటుంది. అందుకే పచ్చబడిన గుంట చిన్న ప్రయత్నానికి లొంగదు. ఒకసారి తేటపడితే మాత్రం కొంతకాలం నిలుస్తుంది.

ఇక మీ గుంట దగ్గరకు

మొదట ఒక పరికరం తయారుచేసుకోండి. 1865లో ఇటలీ ఖగోళ శాస్త్రజ్ఞుడు ఆంజెలో సెక్కి సముద్రంలోకి తెల్లటి పళ్ళేన్ని తాడుతో దించి నీటి తేటదనం కొలిచాడు. మీకూ ఒక తెల్లటి రేకు మూత, గుర్తులు వేసిన తాడు చాలు. చేపలు పెంచే గుంటలో ఆ మూత 30 నుంచి 40 సెంటీమీటర్ల లోతున కనుమరుగైతే కంగారు అక్కరలేదు. 20 సెంటీమీటర్లలోపే మాయమైతే తెల్లవారుజామున చేపల మీద కన్నేసి ఉంచండి. వారానికొకసారి కొలిచి పుస్తకంలో రాయండి.

తరువాత గుంటలోకి ఏ నీరు వస్తున్నదో వానరోజున గట్టు చుట్టూ తిరిగి చూడండి. పశువుల పాక నుంచి, ఎరువు వేసిన మడి నుంచి, బట్టల బండ దగ్గర నుంచి వచ్చే కాలువలను చిన్న గట్టు వేసి మళ్ళించండి. జుట్టులాంటి నాచును కర్రతో చుట్టి లాగి, గట్టు మీద వదలకుండా దూరంగా తీసుకుపోయి మొక్కల పాదుల్లో వేయండి. గట్టు మీద వదిలితే దానిలోని భాస్వరం వానకు మళ్ళీ గుంటలోకే వస్తుంది. వేసవిలో నీరు అడుగంటినప్పుడు పూడిక తీయించి, నేల నెర్రెలు విచ్చేదాకా ఎండనివ్వండి. ఒడ్డున కొన్ని నీటిమొక్కలు ఉండనివ్వండి. గుర్రపు డెక్కను మాత్రం రానివ్వకండి. చేపలను తక్కువగా వదలండి, అవి తినగలిగినంతే మేత వేయండి. పచ్చటి రంగు ఒలకబోసినట్లు తెట్టె కడితే ఆ నీరు పశువులకు పెట్టకండి, అందులో దిగకండి.

ఈ పనులేవీ మూడు రోజుల్లో ఫలితమివ్వవు. వాషింగ్టన్ సరస్సుకు ఏళ్ళు పట్టింది. మీ గుంటకు రెండు మూడు వేసవులు పట్టవచ్చు. ఈలోగా ఎవరైనా మైలుతుత్తం పొట్లం చేతిలో పెడితే, వేసేముందు ఒక ప్రశ్న వేయండి: చచ్చిన పాచి ఎక్కడికి పోతుంది? ఆ ప్రశ్న నేను ఆ సాయంత్రం అడిగివుంటే కనీసం ఆ చేపలు బతికేవి.